గడీ పోయింది, గడీ నోరు పోలేదు



ఈ స్మారకోపన్యాసానికి నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం "సమాజంలో తగ్గిపోతున్న మర్యాద". ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దమనిషి పేరు ఆహ్వాన పత్రంలో లేదు. తన పేరు మీద ఏదీ పెట్టొద్దని బతికుండగానే చెప్పారట. శిష్యులు ఆ మాట నిలబెట్టారు. దేవరుప్పుల, పాలకుర్తి, తొర్రూరు చుట్టుపట్ల సర్కారు బడుల్లో తెలుగు చెప్పిన ఆయన మనందరికీ సారు. ఈ పూట కూడా సారు అనే అంటాను. ఆయన గురించి చెప్పాల్సింది ఉంది. దానికి ముందు కొంత దూరం నడవాలి.

మర్యాద పోయిందన్న మాట జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినపడుతుంది. జనగామ బస్టాండులో, మహబూబాబాద్ ప్లాట్‌ఫారం మీద, భూపాలపల్లిలో బొగ్గుబాయి పని దిగి చాయ్ తాగే చోట వయసు మళ్లినవాళ్లు అనేది ఒకటే. "మా కాలంల పెద్దమనిషి ఎదురొస్తే లేచి నిలబడేటోళ్లం. ఇప్పటి పోరగాళ్లు ఫోన్ల నుంచి తలకాయ ఎత్తుతలేరు." ఆ బాధను నేను తీసిపారేయను. పెద్దతనానికి దక్కాల్సిన పలకరింపు దక్కకపోతే మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఆ కాలంలో లేచి నిలబడ్డది ఎవరు? కూర్చున్నది ఎవరు? ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు ఆ ప్రశ్న వేసుకోకుండా పాత మర్యాద కోసం కన్నీళ్లు పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

విసునూరు మనకు దూరమేమీ కాదు. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ దొర కోట, అంటే గడీ, ముందు నుంచి పోయే మనిషికి ఎన్ని మర్యాదలు ఉండేవో చూడండి. చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. తలగుడ్డ తీయాలి. మాట్లాడాల్సి వస్తే నడుము వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అన్న తర్వాతే అసలు సంగతి చెప్పుకోవాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, ఏ కులం ఏ వెట్టి చేయాలో లెక్క ఉన్నట్టే, ఏ కులం ఎంత వంగాలో కూడా లెక్క ఉండేది. గడీలో ఉయ్యాల దిగని పసివాణ్ణి తాత వయసున్న జీతగాడు "చిన్న దొర" అనాలి. ఆ పసివాడికి మాటలు వస్తూనే ఆ తాతను "ఒరేయ్" అనేవాడు. ఆ ఇంట్లో పిల్లలకు మాటతో పాటే ఆ పిలుపూ అబ్బేది.

పేర్ల సంగతి ఇంకా దారుణం. ఎల్లయ్య అని తల్లిదండ్రులు పెట్టుకుంటే గడీలో ఎల్లిగాడు. మల్లయ్య మల్లిగాడు, లచ్చమ్మ లచ్చి. మనిషి పేరులోంచి కూడా పన్ను వసూలు చేశారనిపిస్తుంది నాకు. మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల నిండా ఆ గడీ వాతావరణమే. దాన్ని భూమి కథగా, వెట్టి కథగా చదువుతారు. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారో మాత్రమే పట్టించుకుంటూ ఒకసారి చదవమని ఇక్కడున్న తెలుగు ఉపాధ్యాయులను కోరుతున్నాను.

అంటే మనం పోయిందని బాధపడే మర్యాదలో పెద్ద భాగం భయం. అది కిందినుంచి పైకి మాత్రమే పోయేది. పైనుంచి కిందికి వచ్చేది తిట్టు, కొరడా, అధమపక్షం ఒక కసురు. ఒకవైపే పారే గౌరవానికి మర్యాద అన్న పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆ భయం ఎలా విరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, ఆంధ్ర మహాసభ సంఘం అండతో ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకుంది. ధర్మాపురం తండా నుంచి జాటోతు ఠాణూ ఆ పోరాటంలోకి నడిచి ప్రాణమిచ్చాడు. చాకలి కులంలో పుట్టిన ఆడమనిషిని ఆ రోజుల్లో ఎలా పిలిచేవారో ఇక్కడి పెద్దలకు తెలుసు. ఇప్పుడు హైదరాబాదు కోఠిలో మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరుంది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువ కదిలించే సంగతి, సంఘం వచ్చిన ఊళ్లలో భూముల పంపకం కన్నా ముందే పిలుపు మారడం. దొరను దొర అనడం మానేశారు. ఒకరినొకరు అన్నా అనుకున్నారు, అక్కా అనుకున్నారు. గొల్లాయన, గౌడాయన, మాదిగాయన, లంబాడాయన ఒకే బంతిలో కూర్చున్న గుంపుల్లో అరేయ్, ఒరేయ్ నిలవలేకపోయాయి.

సంఘం పుట్టుక వెనక కూడా ఒక అవమానం ఉంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షత వహించింది మహర్షి కార్వే. మరాఠీలో మాట్లాడినవాళ్లను విన్నారు, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు, గోల. ఆయన మాట సాగనివ్వలేదు. సంస్కారం గురించి చర్చించడానికి కూడిన సభ అది, చదువుకున్నవాళ్ల సభ. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్ర జనసంఘాన్ని పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు దాన్ని భుజాన వేసుకున్నారు. తమను ఎగతాళి చేసిన సభ మీదికి వీళ్లు రాళ్లు తీసుకుపోలేదు. గ్రంథాలయాలు పెట్టారు, వెట్టి మీద కరపత్రాలు రాశారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944లో భువనగిరి సభ నాటికి అది రైతుల సంఘంగా మారి మన ఊళ్లలోకి దిగింది. వివేకవర్ధినిలో ఈల వేసినవాడికి తెలియదు, ఆ ఈల 25 ఏళ్లలో కడవెండి దాకా వస్తుందని. ఒక అమర్యాదకు ఇంత గౌరవంగా, ఇంత గట్టిగా జవాబిచ్చిన సందర్భం మన చరిత్రలో ఇంకోటి నాకు కనపడదు.

మరి ఇన్ని త్యాగాల తర్వాత మన మాట ఎందుకు ఇలా ఉంది?

1948లో నిజాం రాజ్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దొరలు ఒక్కొక్కరే పట్నం చేరారు. గడీలు కొన్ని పాడుబడ్డాయి, కొన్నిట్లో బడులు పెట్టారు, కొన్నిట్లో ఇప్పుడు సినిమాలు తీస్తున్నారు. దొర పోతూ పోతూ భూమిని కొంత వదిలాడు, నోటిని మాత్రం మొత్తం వదిలిపోయాడు. దాన్ని మనం కాల్చేయలేదు, పాతిపెట్టలేదు. పంచుకున్నాం. నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఇదే. ఇవాళ మనం చూస్తున్న దురుసుతనం కొత్తగా పుట్టింది కాదు. సెల్‌ఫోన్ తెచ్చిందీ కాదు. అది గడీ మాట. ఒకప్పుడు ఊరికి ఒక్కడికే ఉన్న హక్కు ఇప్పుడు చేతిలో కాస్త పైసా, వెనక కాస్త పలుకుబడి ఉన్న ప్రతివాడికీ వచ్చింది.

రోడ్డు మీద బండికి బండి తగిలితే మొదట వచ్చే మాట ఏది? "దెబ్బ తగిలిందా" అని కాదు. "నేనెవరో ఎరుకేనా?" అని. అది దొర అడిగే ప్రశ్న. జిల్లాలు విడిపోయాక, హైదరాబాదు రోడ్డు పొడుగునా భూముల ధర పెరిగాక, ప్లాట్లు అమ్మి రెండేళ్లలో పెద్ద కారు కొన్న కుర్రవాడు హోటల్లో చాయ్ తెచ్చే తండ్రి వయసు మనిషిని "అరేయ్" అంటాడు. ఆ కుర్రవాడి తాత ఏ గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. తాత పడ్డ అవమానానికి మనవడు తీర్చుకునే కసి ఇది అని కొందరు సర్దిచెబుతారు. కసి తీర్చుకోవాల్సింది దొర మీద కదా. చాయ్ తెచ్చే మనిషి ఏం చేశాడు?

వేదికల మీద వినపడేది కూడా ఆ నోరే. పార్టీల పేర్లు తీయను, ఏ ఒక్కరూ మినహాయింపు కాదు కనుక. ఎన్నికలు వస్తే మన మైదానాల్లో మైకులు ఏం మాట్లాడుతున్నాయో మీరు విన్నారు. ఎదుటి నాయకుడి విధానం గురించి పది నిమిషాలు చెబితే కుర్చీలు ఖాళీ అవుతాయి. అతని పుట్టుకను, ఒడ్డూ పొడుగును, తల్లిని ఒక్క మాటంటే ఈలలు లేస్తాయి. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు చానల్ చర్చలో, ప్రత్యక్ష ప్రసారంలోనే, ఒకాయన ఎదుటాయనను చెప్పుతో కొట్టాడు. ఆ దృశ్యాన్ని ఎన్ని లక్షలమంది మళ్లీ మళ్లీ వేసుకుని చూసి నవ్వారో! తిట్టినవాడి కన్నా ఈల వేసినవాడి గురించే నాకు ఎక్కువ దిగులు. 1921లో ఈల వినపడింది మనకు. ఇప్పుడు వేసేది మనం.

ఆ నోరు వినపడే ఇంకో చోటు బస్సు. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, ఆ పైకం ప్రభుత్వం సంస్థకు చెల్లిస్తుంది. జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోల బండ్లు ఏవి ఎక్కినా ఆ తర్వాత వినపడుతున్న మాటలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. "ఫిరీ అనంగనే ఎగబడ్డరు." "ఇంట్ల పని లేదా మీకు?" ఈ మాటలు పడేది ఎవరు? పత్తి ఏరడానికి పక్క మండలం పోయే కూలి తల్లి, వరంగల్ ఎంజీఎం దవాఖానలో బిడ్డను చూసుకోవడానికి పోయే అవ్వ, డిగ్రీ కాలేజీకి పోయే తండా పిల్ల. టికెట్ కొన్న మగవాడు తాను రాజు, వీళ్లు తన దయ మీద ఎక్కినవాళ్లు అనుకుంటాడు. ప్రభుత్వం ఇచ్చిన హక్కును తన జేబులోంచి వేసిన బిచ్చంగా చూడడం, అదీ గడీ చూపే.

అదే బస్సులో ఆడవాళ్లు సీటు కోసం జుట్లు పట్టుకున్న వీడియోలు మీరు చూసి ఉంటారు. చూపించి నవ్వినవాళ్లున్నారు. 50 మంది పట్టే బండిలో 100 మందిని కుక్కితే ఎవరి నోరైనా జారుతుంది. కండక్టర్ పరిస్థితీ అంతే. ఆధార్ చూపమంటే తిట్లు, చూపకపోతే ఎట్లా అంటే తిట్లు, పై అధికారి దగ్గర సంజాయిషీ. ఇక్కడ మర్యాదకు మొదట కావాల్సింది ఇంకో బండి. మనుషులకు నిలబడే చోటు కూడా ఇవ్వకుండా సంస్కారం లేదని నిందించడం న్యాయం కాదు. ఈ మాట నీతిబోధ చేసేవాళ్లు తరచుగా మరచిపోతారు.

యాస గురించి రెండు మాటలు. మన మాటను సినిమాల్లో రౌడీకి, తాగుబోతుకు, వంటవాడికి పెట్టి ఏళ్ల తరబడి నవ్వించారు. పట్నంలో చదువుకున్న మన పిల్లలు నోరు తెరవడానికి సిగ్గుపడ్డారు. కవి కాళోజీ జీవితాంతం ఆ సిగ్గు మీద పోరాడారు. రాష్ట్రం వచ్చాక ఆయన పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం అయింది. మంచిదే. కానీ ఆ ఎగతాళి రుచి తెలిసిన మనం తండా పిల్లవాడి తెలుగును విని ఏం చేస్తున్నాం? మహబూబాబాద్ జిల్లాలో మూడో వంతుకు మించి గిరిజనులు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే ఆ పిల్లవాడికి మనకన్నా ఒక భాష ఎక్కువ వచ్చు. అతని ఉచ్చారణను అనుకరించి నవ్వే క్లాసులు నేను చూశాను. చాలాకాలం తర్వాత కలుసుకున్న లంబాడా ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను తలచుకుంటారు, బిడ్డల బాగోగులు అడుగుతారు, పుట్టిల్లును గుర్తు చేసుకుంటారు. మన పలకరింపులన్నిటిలో అంత నిండైనది లేదు. బస్టాండులో దాన్ని చూసి నవ్వుకుంటూ పోయేవాళ్లం మనం.

గడీ నోరు ఒక్కటే మనకు మిగిలిన ఆస్తి అయితే ఈ ఉపన్యాసం ఇక్కడే ముగించి ఇంటికి పోవచ్చు. రెండో ఆస్తి ఉంది. అది కిందినుంచి వచ్చింది.

పాలకుర్తిలో పుట్టిన సోమనాథుణ్ణి తీసుకోండి. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ఆయన బసవపురాణం రాస్తే అందులో గొప్పవాళ్లు ఎవరు? బట్టలుతికే మడివాలు మాచయ్య, వేటాడే కన్నప్ప. భక్తుడు ఎదురైతే కులం అడగకుండా మొక్కాలి, ఆ భక్తుడూ తిరిగి మొక్కాలి. రెండు తలలూ వంగే మర్యాద అది. శివభక్తులు ఒకరికొకరు చెప్పుకునే ఆ శరణార్థే మన ఊళ్లలో పాతవాళ్ల నోట శనార్థిగా బతికిందని పెద్దలు అంటారు. అక్కడికి దగ్గర్లోని బమ్మెరలో పోతన తన భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వలేదని చెప్పుకుంటాం. ఆయన ఎవరి ముందూ వంగలేదు. వంగకుండానే మృదువుగా ఉండవచ్చని ఈ ఒక్క మండలం రెండుసార్లు చూపించింది.

వరుస కలుపుకోవడం ఇంకోటి. మన పల్లెల్లో సాయిబు మామ అవుతాడు, కుమ్మరి కాక అవుతాడు, గౌడాయన బావ అవుతాడు. పెద్దవ్వ, చిన్నాయిన, వదినె, ఈ పిలుపులకు రక్తసంబంధం అక్కర్లేదు. "నువ్వు" అన్నా ఇక్కడ తక్కువ చేసినట్టు కాదు. "నువ్వు తిన్నవా మామా" అనడంలో ఉన్న ఆప్యాయత బయటివాళ్లకు వెంటనే అందకపోవచ్చు. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఈ వరుసలు చాలా ఊళ్లలో మాదిగవాడ గట్టు దాటలేదు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే ఆచారం ఎంత అందమైనదైనా, ఆ కౌగిలి ఎవరి దగ్గర ఆగిపోయేదో ఆ వాడలో పుట్టినవాళ్లను అడగండి. చాయ్ హోటళ్లలో రెండు రకాల గ్లాసులు ఉన్న రోజులు మన జ్ఞాపకంలోనివే. నలుగురిలో కులం పేరుతో మనిషిని కించపరిస్తే నేరమని 1989లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. మాటకు కేసేమిటని విసుక్కునేవాళ్లను నేను కలిశాను. ఆ మాట ఏనాడూ తమ మీద పడనివాళ్లే అలా విసుక్కుంటారు.

భూపాలపల్లిలో బొగ్గుబాయి దిగేవాళ్ల దగ్గర నేను ఒకటి గమనించాను. పైన ఎవరి కులం వారిది, ఎవరి యూనియన్ వారిది. లోపల కప్పు కింద నిలబడ్డాక పక్కవాడి చెవి, పక్కవాడి కన్నే దిక్కు. మైనింగ్ సర్దార్ కర్రతో కప్పు తట్టి చూస్తాడు. చప్పుడు తేడాగా ఉంటే వెనక్కి రమ్మంటాడు. ఆ క్షణంలో అన్నా అని పిలవడం నటన కాదు. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉందని తెలిసిన చోట మనుషులు ఒకరినొకరు జాగ్రత్తగా పిలుచుకుంటారు. పైన కూడా మన ప్రాణాలు ఒకరి చేతిలో ఒకరివే ఉన్నాయి. అది కంటికి కనపడదు, అంతే తేడా.

ఇప్పుడు సారు దగ్గరికి వస్తాను. సారు బడిలో హాజరు పిలవడం ఒక పాఠంలా ఉండేది. అప్పట్లో చాలా హాజరు పట్టీల్లో కొందరి పేర్లు నిండుగా, కొందరి పేర్లు తెగ్గోసి ఉండేవి. బడిలో చేర్పించడానికి వచ్చిన తండ్రి తన కొడుకు పేరు తానే "ఎల్లిగాడు" అని రాయించేవాడు, అదే మర్యాద అని నేర్పారు కనుక. సారు పట్టీ దిద్దారు. ఇంటికి పోయి, తల్లిని అడిగి, అసలు పేరు రాసుకుని వచ్చేవారు. పొద్దున పేరు నిండుగా పిలిచి, పిల్లవాడు పలికేదాకా తల ఎత్తి చూసేవారు. కరణం మనవడికీ, జీతగాడి కొడుక్కీ ఒకటే గొంతు. తప్పు చేస్తే కోపగించేవారు, గట్టిగానే. ఆ కోపంలో కూడా ఎవరి ఇంటిపేరూ, ఎవరి వాడా, ఎవరి అయ్య చేసే పనీ వచ్చేది కాదు. భయం లేనిది మర్యాద నిలవదని వాదించేవాళ్లకు నేను ఆ తరగతిని చూపిస్తాను. అందులో అల్లరి ఉండేది, ప్రశ్నలు ఉండేవి. ఒకరి పేరును ఒకరు తెగ్గోయడం మాత్రం ఉండేది కాదు, ఎందుకంటే ఆ బడిలో పేరు తెగ్గోసే పెద్దవాడు లేడు.

పిల్లలకు మర్యాద లేదని బాధపడే తల్లిదండ్రులు పిల్లల ముందు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారు? పాలు పోసేవాడితో, ఇల్లూడ్చే ఆమెతో, గ్యాస్ బండ మోసుకొచ్చేవాడితో? అమ్మానాన్నలకు, సార్లకు పిల్లలు వంగి నమస్కారం పెట్టినా, ఇంట్లో పనిచేసే అవ్వను పేరు పెట్టి కేకేస్తే వాళ్లు గడీ పిల్లలే. ఇప్పటి యువకులు అనవసరంగా తల వంచరు. అది నాకు సంతోషం. దాని కోసమే ఇక్కడ మనుషులు చచ్చిపోయారు. తల వంచనివాడు ఎదుటివాడి తల కూడా వంగకూడదని కోరుకోవాలి. ఆ సగం పని మిగిలి ఉంది.

చివరగా ప్రభుత్వ కార్యాలయాల మాట. దానికి ముందు మేడారం జాతర చూద్దాం. మేడారం ఇప్పుడు ములుగు జిల్లా. 2016 నుంచి 2019 దాకా అది భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. రెండేళ్లకోసారి చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులు దేవత సమ్మక్కను తెస్తున్నప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతారు. కలెక్టర్ నుంచి మంత్రిదాకా నిలబడి చేతులు జోడిస్తారు. అడవి బిడ్డ అయిన ఒక తల్లికి రాజ్యం చేసే వందనం అది. ఆ రోజు నా ఒళ్లు పులకరిస్తుంది. మిగిలిన రోజుల్లో మహాముత్తారం నుంచో పలిమెల నుంచో వచ్చిన కోయ ఆడమనిషి కాగితం పట్టుకుని కార్యాలయం మెట్ల దగ్గర ఎంతసేపు కూర్చుంటుందో, ఆమెను ఏమని పిలుస్తారో కూడా నేను చూశాను.

జనగామకు 2022లో, మహబూబాబాద్‌కు 2023లో కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. చల్లని గదులు, నున్నటి రాళ్లు. ప్రతి సోమవారం ప్రజావాణి. పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డవాళ్లు, పింఛన్ ఆగిపోయినవాళ్లు, కొడుకులు అన్నం పెట్టనివాళ్లు వస్తారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. కాగితం చేతబట్టుకున్న ముసలి రైతు మాత్రం ఆ బల్ల ముందు ఇంకా నడుము వంచే నిలబడుతున్నాడు. కొందరు ఏకంగా కాళ్ల మీద పడుతున్నారు. అది చూసి మన జనానికి అధికారులంటే ఎంత గౌరవమో అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లను విసునూరు గడీ దాకా నాతో రమ్మంటాను.

ఈ సభలో ఉద్యోగులు చాలామంది ఉన్నారు, కొందరు సారు శిష్యులు కూడా. మీకు నా విన్నపం ఒకటి. ప్రజావాణి బల్లకు ఇవతలి వైపు కూడా కుర్చీలు వేయించండి. వచ్చిన మనిషిని కూర్చోమనండి. పేరు అడిగి, నిండుగా రాసుకుని, ఆ పేరుతోనే పిలవండి. పని అయ్యేది కాకపోతే కాదని, ఎందుకు కాదో అర్థమయ్యే తెలుగులో చెప్పండి. అయ్యేదైతే ఏ తారీఖున ఎవరి దగ్గరికి రావాలో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన మళ్లీ ఇంకో సోమవారం బస్సు ఎక్కి, కూలి పోగొట్టుకుని, అదే కాగితంతో అదే వరుసలో నిలబడకుండా చూడండి. ఇందుకు కొత్త జీవో అవసరం లేదు, బడ్జెట్ అవసరం లేదు. వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.